వానాకాలంలో బెంగళూరు నుంచి సముద్రతీరానికి: ఆఫ్ సీజన్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

జూన్ వచ్చిందంటే చాలు, ఈ ప్రశ్నలు మొదలవుతాయి. "రెండు రోజులు సెలవు పెట్టి సముద్రం దగ్గర ఊరికే కూర్చోవాలని ఉంది. వానల్లో వెళ్ళొచ్చా? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? హోటళ్ళు తెరిచి ఉంటాయా?"

వెళ్ళొచ్చు. కానీ డిసెంబరులో వెళ్ళినట్టు వెళ్తే కుదరదు. బోట్లు నడవవు, నీళ్ళలో దిగనివ్వరు, ఇసుకలో వేసిన పాకల హోటళ్ళు చాలావరకు మూసేసి ఉంటాయి. ఆఫ్ సీజన్‌లో సముద్రం ఎదురుగా కూర్చోవడమే అసలు పని. ఆ మాటకు ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే టికెట్లు తీయండి. ఒక్కరు "అయితే స్నానం చేయలేమా?" అని ముఖం చిన్నబుచ్చుకున్నా, ఆ రెండు రోజులూ నచ్చజెప్పడంతోనే సరిపోతుంది.

## 1. ముందు నెల, ఆ తర్వాతే తీరం

బెంగళూరు నుంచి రెండు సముద్రాలూ అందుబాటులోనే ఉన్నాయి. పడమట ఉడుపి సుమారు 400 కిలోమీటర్లు, తూర్పున పుదుచ్చేరి సుమారు 310. ఊరి పేరుతో మొదలుపెట్టకుండా క్యాలెండర్‌తో మొదలుపెట్టండి.

జూన్, జూలై: పడమటి తీరంలో నైరుతి రుతుపవనాల ఉధృతి. రోజంతా కురిసే రోజులు ఉంటాయి. వానంటే ప్రాణం ఉన్నవాళ్ళకే ఈ నెలలు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఇదే సమయంలో పుదుచ్చేరి వైపు వెళ్ళడం మేలు. అక్కడ ఎండ ఎక్కువే, కానీ సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద హాయిగా నడవొచ్చు. సాయంత్రం 6 తర్వాత అక్కడికి వాహనాలు రానివ్వరు.

ఆగస్టు: వాన, తెరిపి కలిసి ఉంటాయి. పంద్రాగస్టు వారాన్ని మాత్రం వదిలేయండి. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఆఫ్ సీజన్ అన్న మాటకు అర్థం ఉండదు.

సెప్టెంబరు: నన్నడిగితే ఇదే. వానలు తగ్గుముఖం పడతాయి, కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి, దసరా రద్దీ మొదలవదు. సముద్రం మాత్రం అప్పటికీ శాంతించదు, అది మర్చిపోవద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు: తూర్పు తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్ల కాలం. ఈ నెలల్లో పుదుచ్చేరి, చెన్నై వైపు బీచ్ ప్లాన్ పెట్టుకుంటే కన్ను వాతావరణ హెచ్చరికల మీదే ఉండాలి.

ఏప్రిల్, మే: ఉక్కపోత, బడి సెలవులు, రద్దీ. ప్రశాంతత కోసం వెళ్ళే నెలలు కావు.

ఇక్కడి నుంచి కర్ణాటక తీరం గురించే వివరంగా రాస్తున్నాను. ఎక్కువమంది అడుగుతున్నదీ, జాగ్రత్తలు ఎక్కువ కావలసిందీ అదే.

## 2. ఊరు ఒక్కటే

మూడు రోజుల్లో ఉడుపి, ముర్డేశ్వర్, గోకర్ణ, పనిలో పనిగా జోగ్ జలపాతం అనుకునేవాళ్ళు చాలామంది. అలా వెళ్తే సముద్రం కన్నా కారు అద్దాలు తుడిచే వైపరే ఎక్కువ చూస్తారు. ఒక్క ఊరు ఎంచుకుని అక్కడే ఉండండి.

ఉడుపి, మల్పె, కాపు: పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు. ఆసుపత్రులు, మందుల షాపులు, శాకాహార భోజనం అన్నీ దగ్గరే. పక్కనే మణిపాల్ ఉంది. మల్పె నుంచి సెయింట్ మేరీస్ ద్వీపానికి వెళ్ళే బోట్లు వానాకాలంలో ఆపేస్తారు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. కృష్ణాష్టమి రోజుల్లో ఉడుపి కిక్కిరిసిపోతుంది, ఆ తేదీలు చూసుకోండి.

కుందాపుర, మరవంతె: ఏమీ చేయకుండా ఉండాలనుకునే జంటలకు, స్నేహితులకు. మరవంతె దగ్గర 66వ నంబరు జాతీయ రహదారికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణిక నది. వానలో ఆ రెండూ ఒకే రంగులోకి వస్తాయి. రోడ్డు మీద కారు ఆపి సెల్ఫీలు మాత్రం వద్దు, అది లారీలు పరుగెత్తే హైవే.

గోకర్ణ: నడక ఇష్టమున్నవాళ్ళకు. కుడ్లె, ఓం బీచ్‌ల దగ్గర పాకల హోటళ్ళు చాలావరకు మూసి ఉన్నా, ఏడాదంతా నడిచే బసలు కొన్ని ఉంటాయి. ఓం బీచ్ దాటి హాఫ్ మూన్, ప్యారడైజ్ బీచ్‌లకు వెళ్ళే కొండదారి వానలో జారుతుంది. ఈ కాలంలో ఆ దారి వదిలేయడమే మంచిది.

## 3. ఆదివారం రాత్రి బయల్దేరండి

ఆఫ్ సీజన్‌లో కూడా శని, ఆదివారాలు బెంగళూరు సగం కదులుతుంది. శుక్రవారం సాయంత్రం ఊరి బయటికి వెళ్ళే దారిలోని గొరగుంటెపాళ్య కూడలి దాటడానికే ఓపిక అయిపోతుంది. ఆదివారం రాత్రి బయల్దేరి, సోమ, మంగళవారాలు అక్కడ ఉండి, మంగళవారం రాత్రి ఎక్కి బుధవారం పొద్దునకు ఇల్లు చేరండి. రెండు రోజుల సెలవుతో పని అయిపోతుంది.

ఇంకో రోజు దొరికితే దాన్ని అక్కడే ఖర్చు పెట్టండి. మొదటిరోజు ఆఫీసు ఇంకా తలలోనే తిరుగుతుంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి గానీ భుజాలు దిగవు. మూడో రోజు ఉంటే ఆ తేడా మీకే తెలుస్తుంది.

"ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి అక్కడి నుంచే పని చేస్తాను" అనే ఆలోచన వద్దు. కరెంటు పోతుంది, నెట్ పోతుంది, కాల్ మధ్యలో ఆగిపోతుంది. సెలవు సెలవులా ఉండదు, పని పనిలా ఉండదు, రెండిటికీ టెన్షన్.

## 4. గది: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఎండాకాలంలో గది నిద్రపోవడానికే. వానాకాలంలో మీ ప్రయాణం మొత్తం ఆ గదిలోనే, దాని ముందున్న వరండాలోనే జరుగుతుంది. అందుకే ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో నొక్కేయకండి. ఆ ఫొటోలు జనవరిలో తీసినవి.

ఫోన్ చేయండి. ఈ ప్రశ్నలు ఈ వరుసలోనే అడగండి:

- గది ముందు పైకప్పు ఉన్న వరండా ఉందా? వాన పడుతున్నప్పుడు తడవకుండా ఇద్దరు కూర్చోగలరా?
- అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుందా, లేక వినిపించడం మాత్రమేనా?
- కరెంటు పోతే జనరేటర్ ఉందా? ఇన్వర్టర్ అయితే ఫ్యాన్ ఎన్ని గంటలు తిరుగుతుంది?
- వంటగది ఇప్పుడు నడుస్తోందా? రాత్రి భోజనం ఎన్నింటి దాకా దొరుకుతుంది?
- రాత్రిపూట మనిషి ఉంటాడా?
- రోడ్డు మీంచి గది దాకా నీళ్ళు నిలుస్తాయా? కారు వస్తుందా?
- రెడ్ అలర్ట్ వస్తే తేదీ మార్చుకోనిస్తారా?

చివరగా ఇంకొకటి అడగండి: "ఇవాళ తీసిన ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపుతారా?" బాగా నడిపేవాళ్ళు ఐదు నిమిషాల్లో పంపుతారు. సాకులు చెప్తే అర్థం చేసుకుని ఇంకో నంబరు చూసుకోండి.

"సీ ఫేసింగ్ గది ఇస్తాం సార్" అనగానే సంబరపడొద్దు. పడమటి గాలి వానను నేరుగా ఆ కిటికీలకేసి కొడుతుంది. చెక్క కిటికీ అయితే సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. సముద్రానికి కాస్త పక్కగా, వరండా లోతుగా ఉన్న గది ముందు వరసలోని అద్దాల గది కన్నా సుఖం. వీలైతే మొదటి అంతస్తు తీసుకోండి. కింది గదులకు చెమ్మ ఎక్కువ, పైకప్పు పెంకుదైతే ఎక్కడైనా కారుతోందేమో అడగండి.

ధర గురించి మొహమాటపడకండి. వారం మధ్యలో, రెండు రాత్రులకు అడుగుతున్నప్పుడు తగ్గించే అవకాశం ఎక్కువ. వాళ్ళు ధర తగ్గించకపోతే టిఫిన్, ఒకపూట భోజనం కలపమనండి. మరీ గీచి గీచి బేరమాడకండి. ఈ కాలంలో బస తెరిచి ఉంచేవాళ్ళు కొద్దిమంది సిబ్బందితో నెట్టుకొస్తుంటారు, మీ కోసం చేపలు వెతికి తెచ్చేదీ, రాత్రి కొవ్వొత్తి తెచ్చిచ్చేదీ వాళ్ళే.

గదిలోకి వెళ్ళగానే చేయవలసినవి

పెట్టె తెరవకముందే పరుపు మీద అరచేయి గట్టిగా ఆనించి పది సెకన్లు ఉంచండి. చల్లగా, కాస్త అంటుకున్నట్టు అనిపిస్తే చెమ్మ పట్టిందన్నమాట. దిండు ముక్కుకు దగ్గర పెట్టి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే అప్పుడే గది మార్చమనండి. రాత్రి పదింటికి అడిగితే చేయడానికి ఏమీ ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పని అసలు మానొద్దు.

తర్వాత బాత్రూమ్‌లో వేడినీళ్ళు, కిటికీ గడియలు, దోమతెర చూసుకోండి. అంతే.

## 5. ప్రయాణం

రైలు నా మొదటి ఎంపిక. బెంగళూరు నుంచి కార్వార్ వెళ్ళే పంచగంగ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయల్దేరి సకలేశపుర, సుబ్రహ్మణ్య రోడ్ మధ్య ఘాట్ రాత్రిపూట దిగి, ఉడుపి, కుందాపుర, ముర్డేశ్వర్, గోకర్ణ రోడ్ మీదుగా వెళ్తుంది. ఉడుపి, కుందాపురలకు ఇంకా చీకటి ఉండగానే చేరుస్తుంది. కాబట్టి అంత పొద్దున్నే గది ఇస్తారా అని ముందే మాట్లాడుకోండి, స్టేషన్ నుంచి ఆటో కూడా వాళ్ళనే పంపమనండి. గోకర్ణకైతే తెల్లవారాక దిగుతారు. గోకర్ణ రోడ్ స్టేషన్ ఊళ్ళో ఉండదు, కొన్ని కిలోమీటర్లు ఆటోలో వెళ్ళాలి.

కొంకణ్ రైల్వే వానాకాలానికి వేరే టైంటేబుల్ నడుపుతుంది. జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా రైళ్ళ వేగం తగ్గించి, వేళలు మారుస్తారు. పాత టికెట్ చూసి వేళ ఊహించుకోవద్దు, ఆ తేదీకి చూసుకోండి.

2024 జూలై చివర్లో ఎడకుమారి దగ్గర రైలు కట్ట జారి ఈ ఘాట్‌లో రైళ్ళు రోజుల తరబడి ఆగిపోయాయి. అలాంటప్పుడు బస్సు టికెట్ల కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు. బయల్దేరే రోజు పొద్దున 139లో రైలు సంగతి కనుక్కోండి.

బస్సు రెండో ఎంపిక. కేఎస్‌ఆర్‌టీసీ రాత్రి బస్సులు మెజెస్టిక్ బస్టాండు నుంచి ఉడుపి, కుందాపుర, గోకర్ణలకు ఉన్నాయి. స్లీపర్‌లో కింది బెర్తు, మధ్యభాగంలో తీసుకోండి. ఘాట్ మలుపుల్లో వెనక బెర్తు కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర పడేవాళ్ళు ఘాట్ వచ్చాక కాకుండా బస్సు ఎక్కకముందే, డాక్టరు చెప్పిన ప్రకారం వేసుకోవాలి.

కారు అయితే ఈ నియమాలు తప్పవు:

- ఘాట్ పగటివేళ దిగేలా లెక్క వేసుకోండి. తెల్లవారుజామున 5కి బయల్దేరితే హాసన్‌లో టిఫిన్, మధ్యాహ్నంలోపు శిరాడి ఘాట్ కిందికి దిగిపోవచ్చు.
- శిరాడి మూసేస్తే చార్మాడి, అదీ కాకపోతే మరో ఘాట్ అని మ్యాప్ చూపిస్తుంది. మ్యాప్‌కు దారి తెలుసు, కొండ పరిస్థితి తెలియదు. సకలేశపుర దగ్గర పెట్రోల్ బంకులోనో, పోలీసు చెక్‌పోస్టులోనో అడిగి దిగండి.
- టైర్ల గాడులు, వైపర్ రబ్బరు, బ్రేకులు, అద్దం మీద పొగమంచు తీసే బ్లోయర్ బెంగళూరులోనే చూపించుకోండి.
- కొండ కోసి వేసిన రోడ్డు పక్కన టీ కోసమైనా ఆగొద్దు. 2024 జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో హైవే పక్కనున్న టీకొట్టు మీదే కొండచరియ విరిగిపడింది.

మంగళూరుకు విమానంలో వెళ్ళొచ్చు, గంట ప్రయాణమే. కానీ వాన గట్టిగా ఉన్నప్పుడు విమానం ఆలస్యం కావడం, వేరే ఊరికి మళ్ళించడం మామూలే.

## 6. సామాన్లు

బట్టలు తక్కువ, పొడిగా ఉంచుకునే ఏర్పాటు ఎక్కువ. ఈ సూత్రంతో సర్దండి. జీన్స్ ఒకసారి తడిస్తే తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆరదు. తోలు చెప్పులు, తోలు బెల్టు బూజు పడతాయి.

తప్పనిసరి

- త్వరగా ఆరే బట్టలు, ఒక జత పూర్తిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి వేరుగా
- రెయిన్‌కోటు (సముద్రపు గాలికి గొడుగు తిరగబడుతుంది, గొడుగు ఊళ్ళో తిరగడానికే)
- జారని పట్టు ఉన్న శాండల్స్
- సన్నటి తువ్వాళ్ళు రెండు, తాడు, కొన్ని క్లిప్పులు
- టార్చి, పవర్ బ్యాంకు
- చిన్న నోట్లలో నగదు, ఎందుకంటే నెట్ పోతే యూపీఐ పనిచేయదు, ఏటీఎం దూరం ఉండొచ్చు
- దోమల క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు, రోజూ వాడే మందులు రెండు రోజులవి ఎక్కువగా
- తడి బట్టలకు వేరే సంచి

ఉంటే హాయి

- పల్చటి దుప్పటి, పాత పాంట్లు
- ఒక పుస్తకం, ఒకటి చాలు
- అష్టాచెమ్మా పట్టా, గవ్వలు. కరెంటు పోయిన సాయంత్రం పిల్లలకూ అమ్మమ్మలకూ ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు
- కారప్పొడి, చిన్న సీసాలో ఆవకాయ, జంతికలు

కెమెరా తీసుకెళ్తే ఒక సంగతి: ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే పావుగంట వరండాలో ఉంచి తర్వాత తీయండి.

## 7. బయల్దేరే ముందు మూడు రోజులు

ఫోన్‌లో మేఘం బొమ్మ, పక్కన వాన చుక్కలు చూసి భయపడొద్దు. వానాకాలంలో ప్రతిరోజూ అదే బొమ్మ కనిపిస్తుంది. మీరు చూడవలసింది భారత వాతావరణ శాఖ ఇచ్చే జిల్లావారీ రంగు హెచ్చరిక.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. తీర కర్ణాటకలో జూలైలో మొదటిది మామూలే. మూడోది వస్తే రోడ్లు మునుగుతాయి.

- ఎల్లో: వెళ్ళండి.
- ఆరెంజ్: రైల్లో అయితే వెళ్ళి, బసలోనే ఉండండి. కారు వద్దు.
- రెడ్: తేదీ మార్చుకోండి. ఇక్కడ మొండితనం పనికిరాదు.

సముద్రం సంగతికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరికలు చూడండి. పక్కనే ఎండ కాస్తున్నా ఎక్కడో దూరంగా పుట్టిన ఉప్పెన అలలు తీరానికి రావచ్చు, కాబట్టి వాన లేదంటే సముద్రం బాగుందని కాదు. ఫోన్‌లో విపత్తు హెచ్చరికల కోసం సచేత్, పిడుగుల కోసం దామిని యాప్‌లు వేసుకోండి.

ఇంకో మంచి గుర్తు: జిల్లా డీసీ (మన కలెక్టరు లాంటివారు) బడులకు సెలవు ప్రకటించారంటే ఆ రోజు మీరూ వరండా దాటొద్దు.

పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. పంచాంగం చూసి మధ్యలో ఉన్న తిథులు ఎంచుకుంటే నడవడానికి ఇసుక ఎక్కువ దొరుకుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, కాబట్టి మొదటిరోజు బసవాళ్ళను అడిగితే మిగతా రోజులకు మీరే లెక్క కట్టుకోవచ్చు.

## 8. అక్కడ రోజు గడిపే పద్ధతి

పెద్ద కార్యక్రమం పెట్టుకోవద్దు. రోజుకు ఒక్క పని చాలు: గుడికి వెళ్ళడమో, చేపల రేవు చూడడమో, మధ్యాహ్నం ఊళ్ళో భోజనమో. మిగతాదంతా వానకు వదిలేయండి.

పొద్దున 6 నుంచి 8 మధ్య తెరిపి ఇస్తే వెంటనే లేచి నడకకు వెళ్ళండి. "టిఫిన్ చేసి వెళ్దాం" అంటే ఆ తెరిపి పోతుంది. గట్టి ఇసుక మీద, అల తడి చేరే గీతకు చాలా పైన నడవండి.

పగలు వరండాలో కూర్చున్నప్పుడు సముద్రం మీదికి చూస్తూ ఉండండి. ముందు ఆకాశం, నీళ్ళు కలిసే గీత మాయమవుతుంది. ఆ బూడిదరంగు తెర దగ్గరికొస్తూ పడవల్ని, రాళ్ళని ఒక్కొక్కటిగా మింగేస్తుంది. కొబ్బరాకులు అన్నీ ఒకేవైపు తిరుగుతాయి. గాలి చల్లబడుతుంది. తర్వాత మంగళూరు పెంకుల మీద మొదట అక్కడక్కడ టపటప, వెంటనే పక్కనున్న మనిషి మాట వినపడనంత హోరు. కాసేపటికి ఆ తెర తోటల మీదుగా ఘాట్ల వైపు వెళ్ళిపోతుంది, చూరు నుంచి ధార మాత్రం ఇంకా కారుతూనే ఉంటుంది. ఇది చూడడానికే ఇంత దూరం రావడం. ఆ సమయంలో ఫోన్ గదిలో పెట్టేయండి.

సూర్యాస్తమయం మీద ఆశలు పెట్టుకోవద్దు, మబ్బులే ఎక్కువ. కనిపించిన రోజు అదృష్టం.

పిల్లలు విసుక్కుంటారన్న భయం ఉంటే మధ్యాహ్నం వేళ వాళ్ళకు ఒక పని ఇవ్వండి. నోటు పుస్తకంలో వాన ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది రాయమనండి. రెండో రోజుకు పెద్దవాళ్ళ కన్నా వాళ్ళే బాగా చెప్తారు, వచ్చే వాన ఎంతసేపు ఉంటుందో.

## 9. నీళ్ళ దగ్గర: ఇక్కడ రాజీ లేదు

ప్రతి వానాకాలం ఈ తీరంలో ప్రాణాలు పోతున్నాయి. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు కూడా. కాబట్టి ఈ భాగాన్ని మీతో వచ్చే అందరితో చదివించండి.

1) మోకాలి లోతు కూడా వద్దు. వానాకాలపు అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింద ఇసుకను లాగేస్తుంది. పెద్దవాళ్ళే కూలబడతారు, పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

2) ప్రశాంతంగా కనిపించే చోటే ప్రమాదం. అలలు వరుసగా విరుగుతున్న చోట మధ్యలో ఒక పట్టీలా నీళ్ళు నల్లగా, అలలు లేకుండా కనిపిస్తే అక్కడ నీళ్ళు లోపలికి లాగుతున్నాయని అర్థం. నురగ, ఆకులు సముద్రం వైపు కొట్టుకుపోతుండడం మరో గుర్తు. చూసినవాళ్ళు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అనుకునేది సరిగ్గా ఆ చోటనే.

3) లాగేసిందంటే ఒడ్డుకు ఎదురీదొద్దు. బలం అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు రండి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకే దూకొద్దు. తాడు, ఖాళీ క్యాన్, ట్యూబు, ఏది తేలితే అది విసరండి. లైఫ్‌గార్డును పిలవండి, 112కి ఫోన్ చేయండి. కోస్ట్‌గార్డ్ సహాయ నంబరు 1554.

4) రాళ్ళెక్కొద్దు. ఓం బీచ్ రాళ్ళకు నాచు పట్టి ఉంటుంది. నాలుగు చిన్న అలల తర్వాత వచ్చే ఐదోది రాయి పైదాకా రావచ్చు. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగడం అందుకే అసలు కూడదు.

5) ఏరు సముద్రంలో కలిసే చోటుకు దూరం. పైనుంచి వరద, కింద నుంచి పోటు. నిన్న నడిచిన ఇసుకదిబ్బ ఇవాళ ఉండదు.

6) ఎర్ర జెండా, తాడు కట్టిన చోటు, లైఫ్‌గార్డు ఈల. వాదించొద్దు, వెనక్కి రండి. చీకటి పడ్డాక, మందు తాగాక ఇసుకలోకే వెళ్ళొద్దు.

7) ఉరుము వినపడితే బీచ్ వదిలి పక్కా కట్టడంలోకి వెళ్ళండి. ఒంటరి కొబ్బరిచెట్టు కింద నిలబడొద్దు.

జాలర్లను అడగడం ఉత్తమం. వచ్చీరాని కన్నడ అయినా ఫర్వాలేదు. "సముద్ర హేగిదె అణ్ణా?" అంటే చాలు, చెయ్యి ఊపి చెప్పేస్తారు. "నీరిగె ఇళియబహుదా?" అన్నప్పుడు వాళ్ళు "బేడ" అంటే ఆ మాటకు తిరుగులేదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేపలను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. అవి చచ్చినా కుడతాయి.

## 10. తిండి

పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో తాజా చేపలు తక్కువ, ధర ఎక్కువ, హోటళ్ళలో ఐసులో పెట్టినవీ వస్తాయి. "ఇవాళ వచ్చినవేనా?" అని అడగండి. చిన్న పడవలవాళ్ళు, నదుల్లో పట్టేవాళ్ళు తెచ్చినవి దొరికితే అవి తినండి. ఆగస్టు మొదలయ్యాక పరిస్థితి మెల్లగా మారుతుంది. వంజరాన్ని అక్కడ అంజల్ అంటారు, కానాగడతలను బంగుడె అంటారు. కాణె అనే చేప వేపుడు దొరికితే వదలొద్దు.

శాకాహారులకు నీరుదోసె (పల్చటి బియ్యప్పిండి దోసె), గోళిబజె (మైదా బజ్జీలు), బన్స్ (అరటిపండు కలిపి చేసే పూరీలు), వేడి కషాయం ఉన్నాయి. వానలో వేడివేడి గోళిబజె, కొబ్బరి పచ్చడి తిన్నాక వేరే స్నాక్స్ గురించి ఆలోచన రాదు. మాంసాహారులకు కుందాపుర కోడి ఘీ రోస్ట్.

మనవాళ్ళకు ఇబ్బంది వచ్చేది అన్నంతో. లావుగా, ఎర్రగా ఉండే ఉప్పుడు బియ్యం అన్నం అందరికీ అరగదు. ఆర్డర్ చేసేటప్పుడే తెల్లన్నం కావాలని, "బెళ్తిగె అన్న" అని చెప్పండి. కూరలు కొబ్బరినూనెతో ఉంటాయి, అలవాటు లేనివాళ్ళు మొదటిపూట కొంచెమే తినండి. కాచి చల్లార్చిన నీళ్ళో, సీసా నీళ్ళో తాగండి. రాత్రి భోజనం ఎనిమిదింటికే చెప్పేయండి, జనం లేనప్పుడు వంటిళ్ళు త్వరగా కట్టేస్తారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

"రెండు గంటలు వాన ఆగలేదు, వేరే ఊరికి వెళ్ళిపోదాం." అక్కడా ఇదే మబ్బు. వాన చప్పుడుకు కునుకు తీయండి, లేచేసరికి మారొచ్చు.

తడి తువ్వాలు బాత్రూమ్‌లో వదిలేయడం. పొద్దునకు వాసన. గట్టిగా పిండి, ఫ్యాన్ కింద తాడు కట్టి ఒక్కొక్కటీ విడిగా ఆరేయండి.

బూట్లు తడిసిపోవడం. లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. డ్రయ్యరుతో వేడి పట్టిస్తే జిగురు ఊడుతుంది.

ఫోన్ నీళ్ళలో పడడం. వెంటనే ఆపేయండి, ఉప్పునీరైతే మంచినీళ్ళతో తేలిగ్గా తుడిచి, ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు.

జోగ్ జలపాతం ఒక్కరోజులో. చాలా బాగుంటుంది, నిజమే. దానికోసం వేరే ప్రయాణం పెట్టుకోండి. ఈ రెండు రోజుల్లో ఇరికిస్తే ఒక రోజంతా ఘాట్ మలుపుల్లోనే పోతుంది.

దారిలో ఘాట్ ప్రవాహాల దగ్గర దిగడం. జలగలు పడతాయి. పీకకుండా ఉప్పు చల్లితే ఊడిపోతాయి. నీటిమట్టం నిమిషాల్లో పెరుగుతుంది, అది జలగల కన్నా పెద్ద ప్రమాదం.

ఆఫీసు గ్రూపులు మ్యూట్ చేయకపోవడం. బయల్దేరేముందే చేసేయండి. ఇంట్లో ఒక్కరి నంబరు మాత్రం అత్యవసరానికి ఇచ్చి ఉంచండి.

## 12. తిరిగి వచ్చేటప్పుడు

తిరుగు రైలుకు ముందు గది సాయంత్రం దాకా ఉంచుకునే మాట మొదటిరోజే తేల్చుకోండి. సగం అద్దె అడిగినా ఇవ్వండి. తడి సామానుతో స్టేషన్‌లో ఐదు గంటలు కూర్చోవడం కన్నా అది నయం.

స్టేషన్‌కు మామూలుగా పట్టే సమయానికి రెట్టింపు పెట్టుకుని బయల్దేరండి, వానలో ఆటో దొరకడమే కష్టం. రైలు ఆలస్యమయ్యే అవకాశం ఉంది కాబట్టి బుధవారం పొద్దున పదింటి మీటింగ్ ఒప్పుకోవద్దు, మధ్యాహ్నం నుంచి పెట్టుకోండి.

ఇల్లు చేరాక అదే రోజు చేయవలసినవి:

- తడి బట్టలన్నీ మంచినీళ్ళలో ఝాడించి ఆరేయండి, ఉప్పు గాలి పట్టిన బట్ట ఎంతకీ ఆరదు
- ఖాళీ సూట్‌కేసు తెరిచి ఎండలోనో, ఫ్యాన్ కిందో పెట్టండి
- కారు తీసుకెళ్ళి ఉంటే అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి
- రెండు వారాల్లోపు జ్వరం వస్తే తీరప్రాంతానికి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి, దోమకాటు జ్వరాలు అక్కడ మామూలే
- బస బాగుంటే ఆ నంబరును గది నంబరుతో సహా రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు సగం తగ్గుతాయి